జొన్నల కొట్టం పక్కన కట్టిన బుట్ట

పురుగుల లెక్క తీయడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్లకు పైగా అదే చేశాను. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా, ఇటు ఆలూరు, చిప్పగిరి, అటు కౌతాళం కాలువ కింది పొలాల దాకా పత్తిచేలల్లో లింగాకర్షక బుట్టలు కట్టాలి. వాటిలో పడిన మగ రెక్కల పురుగులను లెక్కపెట్టాలి. ఆ లెక్కను బట్టి మందు కొట్టాలో వద్దో రైతుకు చెప్పాలి. ఊళ్లలో నన్ను బుట్టల సారు అనేవాళ్లు. నిజానికి నేను సారును కాను, ఫీల్డు అసిస్టెంటును. ఇంటర్‌తో నా చదువు ఆగింది. తర్వాతి చదువంతా ఆదోనిలో గ్రంథాలయం బల్ల మీద జరిగింది. ఆ చదువంటే నాకు కొంచెం గర్వం, దాచుకోను.

కొత్తగా ఈ పనిలో చేరినవాళ్లకు ఆఫీసువాళ్లు శిక్షణ ఇస్తారు, చేతిలో ఒక పుస్తకం పెడతారు. అందులో ఉన్నది నేను మళ్లీ రాయను. ప్రమోషన్లు నాకు రాలేదు కాబట్టి వాటి గురించి రాసే శ్రమ కూడా తప్పింది. ఆ పుస్తకంలో లేనిది ఒకటుంది. అది నేను చేసిన తప్పు. దానివల్ల ఒక మనిషి చావు దాకా పోయి వచ్చాడు. ఆ తప్పు వల్లనే నేను పురుగు మెదడు గురించి చదివాను. చదివి కొంత నేర్చుకున్నాను. మిగతాది నేర్పింది ఆ మనిషి భార్య.

బుట్టలో ఏముంటుంది

గులాబీ రంగు పురుగు పత్తికాయలోకి దూరి గింజను తింటుంది. బయటికి కాయ పచ్చగా, నిండుగా కనబడుతుంది. పగిలేదాకా రైతుకు లోపలి సంగతి తెలియదు. తెలిసేసరికి చేయడానికి ఏమీ ఉండదు. అందుకే కాయలో పిల్లపురుగును వెతకడం కంటే ముందే, దాని తండ్రిని పట్టుకోవాలని చూస్తాం.

బుట్ట మూత కింద ఒక చిన్న రబ్బరు బిళ్ల ఉంటుంది. ఆడపురుగు మగదాన్ని పిలవడానికి తోక చివర నుంచి ఒక వాసన వదులుతుంది. ఆ వాసనను మనుషులు తయారుచేసి రబ్బరులో ఇంకించారు. మగది దాన్ని పట్టుకొని వచ్చి, బుట్ట గొంతులోంచి కిందనున్న ప్లాస్టిక్ సంచిలోకి జారిపోతుంది. మన ముక్కుకు మాత్రం అందులో ఏ వాసనా తగలదు.

తగలదు కదా అని చేరిన కొత్తలో బిళ్లలను వట్టి చేతులతో పట్టుకునేవాణ్ణి. ఆ చేతులనే అంగీకి తుడుచుకునేవాణ్ణి. మా ఇల్లు ఆదోనిలో పత్తి మిల్లులకు దగ్గర. ఒకరోజు పొద్దున లేచి చూస్తే దండెం మీద నా అంగీకి నాలుగైదు పురుగులు అతుక్కొని ఉన్నాయి. మా ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

"ఏం మనిషివప్పా నువ్వు! నీ అంగీని సూడనీకె మగపెళ్లివారు వచ్చినారు. కట్నం ఏమిస్తావో మాట్లాడు పో."

"నవ్వొద్దు. ఇది సైన్సు," అన్నాను.

"సైన్సయితే నువ్వే ఉతుక్కో. నేను ముట్టను."

అప్పటినుంచి బిళ్లను కాగితంతోనే పట్టుకున్నాను. మీరూ అలాగే పట్టుకోండి. ఆ చిన్న తప్పుకు నవ్వులతో సరిపోయింది. రెండో తప్పుకు అలా కుదరలేదు.

రేగడి బురద

ఖాసిం అనే రైతుకు ఎమ్మిగనూరు రోడ్డు పక్కన నాలుగెకరాల నల్లరేగడి ఉంది. పొలంలోనే ఒక కొట్టం. సేద్యం రోజుల్లో భార్య రజాబీతో అక్కడే ఉండేవాడు. కొట్టంలో సగం వాళ్ల సంసారం, సగం జొన్నల గాదె. ఖాసిం మాట పెళుసు, మనసు మెత్తన. చదువుకున్నవాళ్లంటే అతిగౌరవం. ఆ గౌరవమే అతనికి చేటు చేసింది.

ఆ చేలో నాలుగు బుట్టలు కట్టాను. మూడు చేను నడుమ, ఒకటి కొట్టం పక్కనే. గట్టుకూ ఇంటికీ దూరంగా కట్టాలని నియమం ఉంది. తెలిసే కట్టాను. కొట్టం నీడలో కూర్చొని, రజాబీ ఇచ్చే నీళ్లు తాగుతూ లెక్క తీసుకోవచ్చని నా ఆశ.

నేను కొత్తవాణ్ణేమీ కాదు. ఉద్యోగంలో సగం దూరం వచ్చేశాను. ఈ పనిలో చేరినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. కొత్తవాడు భయంతో నాలుగు బుట్టలూ చూస్తాడు. పాతబడ్డాక ఒక బుట్ట చూసి నాలుగు అంకెలు రాస్తాడు.

ఆ ఏడు కాయ కట్టే సమయంలో వారం పాటు వాన పట్టుకుంది. ఎర్రనేలవాళ్లకు రేగడి బురద సంగతి చెప్పినా అర్థం కాదు. నాలుగడుగులు వేస్తే ఒక్కో కాలికి ఒక్కో పొయ్యిరాయి కట్టినట్టు ఉంటుంది. చెప్పు దిగబడితే చేత్తో పీకాలి. అందుకని మూడు రోజులు వరసగా కొట్టం పక్కన బుట్ట మాత్రమే చూశాను. ఆ లెక్కనే కొంచెం అటూ ఇటూ మార్చి మిగతా మూడింటికీ రాశాను. రోజుకు ఎనిమిది చొప్పున మూడు రోజులు వరసగా పడితే మందు కొట్టించాలని మాకు చెప్పిన కొలత. మొదటిరోజు ఎనిమిది పడ్డాయి. రెండోరోజు పది. మూడోరోజు తొమ్మిది.

"లోపలి బుట్టలు సూడవా సారూ?" అని ఖాసిం అడిగాడు.

"ఒకటే చేను గదప్పా. ఈడ ఎట్ల పడినాయో ఆడా అట్లనే పడింటాయి."

"అదీ నిజమే."

రజాబీ చెంబుతో నీళ్లు తెచ్చింది. నా చేతిలోని సంచిలోకి వంగి చూసింది. వేలు చూపించి, "అన్నా, ఇవి మా..." అంటూ ఏదో మొదలుపెట్టింది.

ఖాసిం కసురుకున్నాడు. "నీకేం తెలుసునే దీంట్లో? సారు సదువుకున్నోడు. పోయి టీ పెట్టుపో."

"పెడతా పెడతా. సదువుకున్నోళ్లకు సక్కెర ఎంతెయ్యల్ల?"

ముగ్గురమూ నవ్వాం. ఆమె లోపలికి పోయింది. ఆ మాటను ఎక్కడ ఆపిందో, తర్వాత ఏమనబోయిందో నేను అడగలేదు.

టీ తాగి లేస్తూ ఖాసింకు చెప్పాను. "రేపే మందు కొట్టు. ఆలస్యం చేస్తే కాయ నీకుండదు, పురుగుకుంటాది."

కాయలు కోసి చూడాలని కూడా నియమం ఉంది. చేలో అక్కడొకటి ఇక్కడొకటి ఇరవై పచ్చికాయలు కోసి, చీల్చి, లోపల పిల్లపురుగు ఉందో లేదో చూడాలి. చూడలేదు. కాయల కోసం చేలోకి దిగాలి, బురద.

మర్నాడు మబ్బు విడిచి ఎండ కాసింది. ఖాసిం మూతికి తువ్వాలు చుట్టుకొని, వట్టి కాళ్లతో చేలోకి దిగి మందు కొట్టాడు. మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. తిరిగినా ఆపలేదు. సారు ఈ రోజే కొట్టమన్నాడు కదా.

ఆ మరుసటి రోజు నేను పోయేసరికి కొట్టానికి గొళ్లెం పెట్టి ఉంది. పక్క చేలో కలుపు తీస్తున్న కూలామె నడుం ఎత్తి చెప్పింది. "ఖాసిమన్నకు మందు తగిలినాది సార్. నిన్న ఆటోలో ఆదోనికి ఎత్తుకపోయినారు. నోట్లో నురగ, కండ్లు కనపడలేదంట."

ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకొని రజాబీ కూర్చొని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేనే ఎట్లుందని అడిగాను.

"నువ్వు సెప్పినట్లే సేసినాడన్నా. ఒక్క సాలు గూడ ఇడిసిపెట్టలేదు."

ఆమె నన్ను నిందించలేదు. భర్త మాట తప్పలేదని నాకు ధైర్యం చెబుతోంది. ఆ మాట ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది. బతుకుతాడని డాక్టరు మూడో రోజు గానీ చెప్పలేదు.

రెక్క చివర

అప్పుడు మా పైన శారద మేడం ఉండేది. గుంటూరు వైపు మనిషి, పురుగుల శాస్త్రం చదివింది. నాకు చాలామంది పైఅధికారులు వచ్చిపోయారు. ఒకాయన ఎన్ని బుట్టలు కట్టామని మాత్రమే అడిగేవాడు. వాటిలో ఏం పడిందో ఆయనకు పట్టదు. మేడం అందుకు పూర్తిగా వేరు. కట్టిన సంఖ్య అడగదు, పడినవాటిని తెచ్చి చూపించమంటుంది. ఆమెను చూస్తే మాకు భయం. ఆ భయం మంచిదే.

ఖాసిం సంగతి విని ఆమె అడిగిన మొదటి మాట: "ఆ పురుగులు ఉన్నాయా, పారేశావా?"

సంచి ముడి వేసి ఉంచాను. ఆమె తెల్లకాగితం మీద వాటిని పరిచి, భూతద్దం నా చేతికిచ్చింది.

"ఏమిటివి?"

"గులాబీ పురుగులు మేడం."

"రంగు చెప్పు."

"కొంచెం పాలిపోయినాయి. సంచిలో రాసుకొని పొడి రాలిపోయింటాది."

"పొడి రాలిపోతే రంగు చెప్పలేం. సరే. వెనకరెక్క చివర చూడు."

చూశాను. రెక్క చివర సన్నగా, వేలు చాపినట్టు పొడుచుకొని ఉంది. అంచంతా కుచ్చు. ఆమె తన డబ్బాలోంచి అసలు గులాబీ పురుగును తీసి పక్కన పెట్టింది. అది గోధుమ నలుపు, రెక్క మీద మసక మచ్చలు, ఒళ్లు కూడా కాస్త పెద్దది. నావి ఎండుగడ్డి రంగువి. తొమ్మిదింటిలో ఎనిమిది అలాంటివే.

"ఇది నిల్వ గింజల్లో పుట్టే రెక్కల పురుగు. రెండూ ఒకే కుటుంబానివి, అందుకే పోలిక. దగ్గర్లో ఎక్కడో గింజలు ఉండాలే?"

కొట్టం కళ్లముందు కనబడింది. గాదె కనబడింది. సంచిలోకి చాపిన రజాబీ వేలు కనబడింది.

ఆ సాయంత్రమే చేలోకి దిగాను. బురద మోకాళ్ల దాకా వచ్చింది. లోపలి మూడు బుట్టల్లో కలిపి నాలుగు పురుగులు కూడా లేవు. మందు కొట్టక ముందు నుంచీ సంచి తీయలేదు కాబట్టి అది అన్ని రోజుల లెక్క. ఇరవై కాయలు కోసి చీల్చాను. కాయలో పిల్లపురుగు లేదు. లోపల పుట్టి పెరిగి చచ్చిన గుర్తు కూడా లేదు. దూదింకా తడిగా, తెల్లగా, పాలగింజలాగా ఉంది. గట్టు మీద కూర్చొని ఇరవై కాయల తొక్కలనూ మళ్లీ లెక్కపెట్టాను.

మగపురుగు మెదడు

ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. పత్తి పురుగు ఆడదాని వాసనకు జొన్న పురుగు మగది ఎందుకు వచ్చింది? మేడంను అడిగితే, "చదువుకో. నీకు గ్రంథాలయం ఉందిగా" అంది. వెక్కిరింపో మెప్పో తెలియలేదు.

గ్రంథాలయంలో కాలేజీ పిల్లలకోసం తెప్పించిన పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. కొన్ని సాయంత్రాలు ఒక పేరా కూడా దాటలేదు. గ్రంథపాలకుడు దీపాలు ఆర్పుతూ, "ఏమన్నా, పురుగు ఎంతవరకు వచ్చింది?" అనేవాడు. "మీసం దాటి మెదడులోకి పోతాండాది" అనేవాణ్ణి. డిగ్రీ లేనివాడు ఒక్కడే కూర్చొని ఒక కష్టమైన పుస్తకాన్ని లొంగదీసుకుంటే వచ్చే సంతోషం వేరు. ఆ సంతోషంలో నాకు అర్థమైనంత మీకు చెబుతాను.

మగపురుగుకు ముక్కు లేదు, మీసాలున్నాయి. మీసాల నిండా కంటికి ఆనని వెంట్రుకలు, వెంట్రుకలకు సన్నని రంధ్రాలు. గాలిలో వచ్చిన వాసన రేణువు రంధ్రంలో పడుతుంది. వెంట్రుక లోపల నీరులాంటిది ఉంటుంది. దాన్ని ఈదడం ఈ రేణువుకు చేతకాదు. ఒక ప్రోటీన్ దాన్ని మోసుకుపోయి నాడి కొస దగ్గర దింపుతుంది. ఆ కొస తనకు సరిపోయిన వాసనకే కదులుతుంది. కదలగానే కబురు మెదడుకు పోతుంది. పని అయిపోయిన రేణువును అక్కడే ఉన్న రసాలు విరగ్గొట్టేస్తాయి. గడప ఊడ్చినట్టు. లేకపోతే తర్వాత వచ్చే వాసన పాతదో కొత్తదో పురుగుకు తెలియదు.

ఊడ్చడం ఎందుకంత ముఖ్యమంటే, వాసన గాలిలో తాడులాగా సాగి రాదు. పొగలాగా తెగి తెగి వస్తుంది. తగిలినప్పుడు మగది గాలికి ఎదురు ఎగురుతుంది. తెగితే ముందుకు పోకుండా అడ్డంగా అటూ ఇటూ తిరిగి వెతుకుతుంది. మళ్లీ తగిలితే మళ్లీ ఎదురు. అలా తెగుతూ అతుకుతూ ఆడదాని దగ్గరికి చేరుతుంది. చేనంతా ఒకటే వాసన ఎడతెగకుండా నింపితే పాపం దానికి దారే ఉండదు. ఈ మధ్య పత్తికొమ్మలకు వాసన తాళ్లు కడుతున్నది ఈ సూత్రం మీదనే.

మీసం నాడులన్నీ మెదడు ముందుభాగంలో ఒక చోటికి చేరతాయి. అక్కడ నాడుల కొసలు చిన్న చిన్న ఉండలుగా ముడిపడి ఉంటాయి. ఆకు వాసనకు కొన్ని, పూల వాసనకు కొన్ని. మగదానిలో, నాడి లోపలికి అడుగుపెట్టే వాకిట్లోనే, మిగతావాటికంటే పెద్ద ఉండలు కొన్ని ఉంటాయి. అవి ఆడదాని పిలుపు కోసమే. పిలుపులో రెండు పదార్థాలుంటే ఒక్కోదాని కబురు ఒక్కో ఉండకు పోతుంది. రెండూ సరైన పాళ్లలో వస్తే, ఈ పిలుపు మనదే అని మెదడు తేల్చుకొని రెక్కలకు చెబుతుంది. కొన్ని జాతుల్లో పరాయి ఆడదాని వాసనను పట్టడానికి కూడా విడిగా ఒక ఉండ ఉందట. అది కదిలిందా, మగది వెనక్కి తిరుగుతుంది. ఆవగింజలో సగం లేని మెదడులో ఇంత ఏర్పాటు. చదువుతూ పుస్తకం మూసి రెండుసార్లు దండం పెట్టాను.

నా ప్రశ్నకు జవాబు చివరికి మేడం తెచ్చిచ్చిన కాగితాల్లో దొరికింది. గులాబీ పురుగు పిలుపులో రెండు పదార్థాలు, ఇంచుమించు సగం సగం. ఆ రెండింటిలో ఒకటి గింజ పురుగు ఆడదాని పిలుపు కూడా. నా బుట్ట రెండు పదార్థాలతో పత్తి పురుగును పిలుస్తుంటే, గాదెలో పుట్టిన మగవాటికి అందులో తమ పిలుపు వినబడింది. అవి వచ్చాయి. ఆ ఎనిమిది పురుగులు ఏ తప్పూ చేయలేదు. వాటికి తెలిసిన వాసన వచ్చింది, నమ్మి వచ్చాయి. తప్పుగా చదివినవాణ్ణి నేను.

రెండు పురుగులు

ఖాసిం ఇంటికి వచ్చాడు. అతనికి నిజం చెప్పాలా? రెండు వారాలు ఆ ఆలోచనతోనే తిరిగాను. చివరికి మేడంను అడిగాను.

"ఎందుకు చెప్పాలనుకుంటున్నావు?" అంది ఆమె. "నీ బరువు దించుకోవడానికా, ఆయనకు పనికొస్తుందనా? మొదటిదైతే గుడికి పో. రెండోదైతే రెండు పురుగులూ తీసుకొని పో."

కాగితం మీద రెండు పురుగులూ అంటించుకొని, భూతద్దం జేబులో వేసుకొని పోయాను.

ఖాసిం కొట్టం ముందు నులకమంచం మీద కూర్చొని ఉన్నాడు. చేతిలో గ్లాసు వణుకుతోంది. నన్ను చూడగానే ముఖం విప్పారింది.

"రా సారూ! సేను సూసినావా? ఒక్క కాయ గూడ పురుగు పట్టలేదు. మందు బాగ పనిసేసినాది. నేను పడితే పడినా గానీ, పంట నిలబడినాది."

ఆ మనిషికి మిగిలింది ఆ ఒక్క తృప్తి. దాన్నే నేను తీసుకోబోతున్నాను.

"ఖాసిం, మందు కొట్టే పనే లేకుండె. పురుగు లేదు నీ చేన్లో. నేను తప్పు లెక్క తీసినా."

"ఏమన్నావు?"

మళ్లీ చెప్పాను. లోపలి బుట్టలు చూడలేదని, కాయలు కోయలేదని, బురదకు వెనకాడానని అన్నీ చెప్పాను.

అతను గ్లాసు కింద పెట్టాడు. "అంటే నేను ఊరికే పడినానా?"

"ఊరికే పడినావు."

చేనువైపు తిరిగాడు. "సెప్పకుంటే ఏం పోతుండె సారూ? పంటను కాపాడుకుంటినని అన్నా ఉంటుండె నాకు."

"వచ్చే ఏడు మళ్లీ నా మాటిని ఇట్లనే కొడతావని చెప్పినా."

రజాబీ కొట్టం వాకిట్లో నిలబడి అంతా విన్నది. వచ్చి నా చేతిలోని కాగితం తీసుకుంది. భూతద్దం ఇవ్వబోయాను, పట్టించుకోలేదు. గడ్డిరంగు పురుగు మీద వేలు పెట్టింది.

"ఇది మా జొన్నల్లోది. గాదె మూత తీస్తే మొగం మీదికి లేస్తాండాయి. ఆ పొద్దు నేను సెప్పబోయింది ఇదే. అన్నా, ఇవి మా జొన్నల్లోవి గదా అని."

ఖాసిం తల తిప్పాడు. "మరి సెప్పొచ్చు గదనే!"

"టీ పెట్టమంటివి గదా!"

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నోరుండే మొగోళ్లు ఇద్దరు కూసుంటే నా మాట యాడ దూరుతాది?" అని లోపలికి పోయి గాదె మూత తీసింది. గడ్డిరంగు పురుగులు గుప్పుమని లేచాయి. చేయి పెడితే జొన్నలు వెచ్చగా తగిలాయి. గింజ గింజకూ సూది గుచ్చినంత రంధ్రం. నలిపితే పిండి. వాళ్ల ఏడాది తిండి అది.

బుట్ట అబద్ధం చెప్పలేదు. పత్తి సంగతి చెబుతుందని మేము కడితే, అది జొన్నల సంగతి చెప్పింది. రోజూ జొన్నలు తీసే మనిషి ఆ కబురు చదివింది. చదువుకున్నవాడు సంచి ముడి వేసుకొని పోయాడు.

ఆ రోజు ముగ్గురమూ జొన్నలు బయటికి తోడి ఎండలో పోశాం. ఖాసిం చేతులు వణుకుతున్నా చెరిగాడు. సగం దక్కాయి. పోయేటప్పుడు బుట్టలు విప్పుకోవాలా అని అడిగాను.

"బుట్టలుండనీ," అన్నాడు ముఖం చూడకుండా. "లెక్క మాత్రం మేమే తీసుకుంటాం."

ఆ కోపం తీరడానికి రెండు పంటలు పట్టింది. చేయి వణకడం మాత్రం పూర్తిగా తగ్గలేదు.

ఈ పనిలో చేరినవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇందులోనే ఉంది. చేను నడుమ బుట్ట చూడనిదే, కాయ కోయనిదే మందు మాట ఎత్తొద్దు. మందు కొట్టమన్నప్పుడు గాలి సంగతీ, కాళ్లకూ మూతికీ తొడుగుల సంగతీ చెప్పేదాకా ఆ ఇల్లు కదలొద్దు. మగపురుగు మెదడులో ఒక పిలుపు కోసమే పెద్ద ఉండలు ఉంటాయని రాశాను కదా. నా తలలోనూ అలాంటి ఉండ ఒకటి ఉండేది, అందులోకి పత్తి మాటే వచ్చేది. తర్వాత ఏ చేనికి పోయినా సంచిని ముందు ఆ ఇంటి ఆడవాళ్ల ముందర కుమ్మరించి, ఇవి యాడన్నా చూసినారా అమ్మా అని అడిగేవాణ్ణి. కొందరు ఆఫీసువాళ్లు నవ్వారు. నవ్వనీ.

భూతద్దం

ఉద్యోగంలో చివరి వారం, నేను బుట్టలు కట్టిన పొలాలన్నీ ఒకసారి తిరిగాను. ఖాసిం చేనికి పోయేసరికి మొగుడూపెళ్లాలిద్దరూ కొట్టం అరుగు మీద కూర్చొని ఉన్నారు. జొన్నలు ఇప్పుడు కొట్టంలో లేవు, ఊళ్లో ఇంటికి మార్చుకున్నారు. బుట్టలన్నీ చేను నడుమ ఉన్నాయి. రజాబీ అప్పుడే చేలోకి దిగి వచ్చినట్టుంది, కాళ్లకు పిక్కల దాకా రేగడి. ఆమె ముందర పాత కాగితం, దాని మీద సంచిలోంచి కుమ్మరించిన పురుగులు.

జేబులోంచి భూతద్దం తీసి ఆమెకు చాపాను. మేడం బదిలీ అయి పోతూ నాకిచ్చిన భూతద్దం అది.

"నాకేంటికన్నా?" అంది. "నా కండ్లు బాగనే ఉండాయి. ఈనకియ్యి."

ఖాసిం తీసుకున్నాడు. వణికే చేతిని మోకాలికి ఆనించుకొని, భూతద్దం కంటికి దగ్గరగా పెట్టుకొని, కాగితం మీదికి వంగాడు. ఒక పురుగును పుల్లతో పక్కకు జరిపాడు. తర్వాత తల ఎత్తకుండానే భార్యను అడిగాడు.

"ఇది పత్తిదా, జొన్నదా?"